మొదటి దోసె ఎవరిది? చిన్న బ్రాండ్‌కి వైరల్ వీడియో యాడ్ తీసే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

మూడేళ్ల కిందట ఒక బట్టల షాపుకి రీల్ తీశాను. అత్తాకోడళ్ల కామెడీ. పదకొండు లక్షల వ్యూస్ వచ్చాయి. ఓనరు ఫోన్ చేసి స్వీట్లు పంపిస్తానన్నాడు. నెల తిరక్కుండా మళ్లీ ఫోన్ చేశాడు, ఈసారి గొంతులో ఆ తీపి లేదు. "అందరూ ఆ అత్త ఎవరండీ అని అడుగుతున్నారు గానీ, షాపు ఎక్కడండీ అని ఒక్కరూ అడగట్లేదు" అన్నాడు. తప్పు నాదే. ఆ వీడియోలో బట్టల షాపు బోర్డు పీకేసి మందుల షాపు బోర్డు పెట్టినా కథ అలాగే నడుస్తుంది.

అప్పట్నుంచి ఏ ఐడియా తట్టినా దాన్ని రెండు ప్రశ్నలు అడుగుతున్నాను. చూసినవాళ్లు దీన్ని ఎవరికి పంపిస్తారు? సరుకు తీసేస్తే కూడా వీడియో నిలబడుతుందా? మొదటిదానికి "అందరికీ" అన్నది జవాబు కాదు. రెండోదానికి "నిలబడుతుంది" అని వస్తే ఐడియా పారేయడమే. కింద చెప్పే పనులన్నీ ఈ రెండింటి చుట్టూనే తిరుగుతాయి. గాల్లో చెప్పకుండా ఒక సరుకు పట్టుకుని వెళ్దాం: ఇనుప దోసె పెనాలు అమ్మే చిన్న బ్రాండ్. యాడ్‌కి లక్షలు లేవు, ఫోన్లో కెమెరా ఉంది.

1. కెమెరా తీయకముందు ఒక రోజు అక్కడే కూర్చోండి

అమెరికాలోని యూటా రాష్ట్రంలో బ్లెండ్‌టెక్ అని మిక్సీలు చేసే కంపెనీ ఉంది. 2006కి ముందు దాని పేరు మామూలు జనానికి పెద్దగా తెలియదు. కొత్తగా చేరిన మార్కెటింగ్ అధికారి జార్జ్ రైట్‌కి ఒకరోజు టెస్టింగ్ గదిలో నేల మీద రంపపు పొట్టు కనిపించింది. ఇదేంటని అడిగితే, యజమాని టామ్ డిక్సన్ మిక్సీ గట్టిదనం చూడ్డానికి అందులో చెక్క ముక్కలు వేసి తిప్పుతుంటాడని చెప్పారు. అక్కడి పనివాళ్లకి అది రోజూ చూసే సంగతే. రైట్ దాంట్లో యాడ్ చూశాడు. ఒక తెల్లకోటు, గోలీలు, తోటలో ఆకులు లాగే పళ్లగొర్రు, కాల్చిన కోడి లాంటివి కొనడానికి సుమారు 50 డాలర్లు అయ్యాయట. డిక్సన్ కోటు వేసుకుని "ఇది నలుగుతుందా?" అని అడిగి వాటిని మిక్సీలో వేశాడు. 2007లో కొత్తగా వచ్చిన ఐఫోన్‌ని కూడా వేశాడు. ఇంట్లో వాడే మిక్సీల అమ్మకాలు కొన్ని రెట్లు పెరిగాయి. ఆ వీడియోల్లోంచి మిక్సీ తీసేయండి, ఒక పెద్దాయనా గుప్పెడు గోలీలూ మిగులుతాయి.

అంటే యాడ్ అప్పటికే ఆ గదిలో నేల మీద పడి ఉంది. మీ దగ్గరా అంతే. షాపులోనో వర్క్‌షాపులోనో ఒక రోజంతా కూర్చుని మూడు సంగతులు నోట్ చేసుకోండి: కొనేవాళ్లు అందరికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న, అమ్మేవాళ్లు విసుగ్గా రోజూ చెప్పే జవాబు, పనివాళ్లకి మామూలైపోయి మీకు మాత్రం వింతగా తోచిన పని.

పెనాల షాపులో కూర్చుంటే వినబడేది ఒకటే మాట: "దోసె అంటుకుంటుందా అండీ?" దానికి జవాబు కూడా ఒకటే: "మొదటిది అంటుకుంటుందమ్మా, తర్వాత బాగా వస్తుంది." ఇక్కడ ఆగండి. మొదటి దోసె సంగతి తెలియని తెలుగు ఇల్లు ఉండదు. అది చిరుగుతుంది, ముక్కలవుతుంది. ఆ ముక్కలు ఎవరు తింటారు? చాలా ఇళ్లలో అమ్మ. మనకి కావలసిన రంపపు పొట్టు ఇదే.

2. ఎవరు ఎవరికి పంపిస్తారో కాగితం మీద రాయండి

ఒక్క వాక్యం చాలు: "ఫలానావాళ్లు ఫలానావాళ్లకి, ఈ మాట చెప్పడానికి పంపిస్తారు." పెనం యాడ్‌కి నేను రాసేది ఇది: హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉన్న కూతురు అమ్మకి పంపిస్తుంది, "నువ్వు చేసింది నేను చూశాను" అని చెప్పడానికి. తర్వాత అమ్మ దాన్ని ఫ్యామిలీ గ్రూపులో వేస్తుంది. రెండో అడుగు ఉందో లేదో చూసుకోవడం ముఖ్యం. ఒకచోట ఆగిపోయే వీడియో వైరల్ కాదు.

వాడేవాళ్లు, కొనేవాళ్లు వేరువేరని మర్చిపోవద్దు. 2010లో ఓల్డ్ స్పైస్ మగవాళ్ల బాడీవాష్‌కి తీసిన యాడ్ "హలో లేడీస్" అంటూ ఆడవాళ్లని పలకరించింది. ఎందుకంటే మగవాళ్ల సబ్బులు కూడా చాలా ఇళ్లలో ఆడవాళ్లే కొంటారు. మన పెనం అమ్మ వాడుతుంది, డబ్బు కూతురు పెడుతుంది. అందుకే యాడ్ కూతురితో మాట్లాడాలి.

ఏ భావం పంపిస్తుంది, ఏది ఆపేస్తుంది? జోనా బర్గర్, క్యాథరిన్ మిల్క్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చిన దాదాపు 7,000 వ్యాసాలు తీసుకుని, జనం ఏవి ఎక్కువగా ఈమెయిల్ చేసుకున్నారో లెక్కవేసి 2012లో ఒక పరిశోధనా పత్రం వేశారు. ఆశ్చర్యం, కోపం, కంగారు లాంటివి మనిషిని కుదిపి పంపించేలా చేస్తాయి. ఉత్త దిగులు మనిషిని నీరుగార్చేస్తుంది, పంపడానికి వేలు లేవదు. అందుకే ఏడిపించి వదిలేసే యాడ్ కన్నా, ఏడుపు దాకా తీసుకెళ్లి నవ్వుతో దించే యాడ్ దూరం వెళ్తుంది. 2013లో గూగుల్ ఇండియా తీసిన రీయూనియన్ యాడ్ గుర్తుందా? దేశ విభజనతో విడిపోయిన ఇద్దరు స్నేహితులు, ఒకరు ఢిల్లీలో, ఒకరు లాహోర్‌లో. మనవరాలు గూగుల్‌లో వెతికి ఇద్దరినీ కలుపుతుంది. విడిపోయిన బాధ దగ్గర ఆపలేదు, తలుపు తీసిన క్షణం దాకా తీసుకెళ్లారు. సెర్చ్ చేయకపోతే కథే లేదు కాబట్టి మన రెండో ప్రశ్నకీ అది నిలబడింది.

కోపం కూడా పంపిస్తుంది కదా అని దాని జోలికి వెళ్లకండి. కోపంతో చేసిన షేర్లు చివరికి బ్రాండ్ మీదకే తిరుగుతాయి. 2017లో నిరసన ప్రదర్శన నేపథ్యంగా తీసిన పెప్సీ యాడ్ మీద జనం మండిపడితే మర్నాడే కంపెనీ దాన్ని వెనక్కి తీసుకుంది. ఆ యాడ్ బాగానే పాకింది మరి!

3. చెప్పబోయే మాట నిజమేనా?

ఈ మెట్టు చాలామంది ఎగ్గొడతారు. మన యాడ్ చెప్పబోయేది "ఈ పెనం మీద మొదటి దోసె కూడా వస్తుంది" అని. అయితే స్టాకులోంచి పది పెనాలు తీయండి. నూనె పట్టించి పంపుతామని చెప్పుకుంటున్నారు కాబట్టి, కస్టమర్‌కి అందినట్టే ప్యాకింగ్ విప్పి, కడిగి, ఒక్కోదాని మీద ఒక్క దోసె వేయండి. పదిలో నాలుగు అంటుకున్నాయనుకోండి, యాడ్ ఆపి పెనం సంగతి చూడాలి. వీడియో పాకితే వేలమంది మీ మాటని ఇంట్లో పరీక్ష పెడతారు, చిరిగిన దోసె ఫొటోలు మీ కామెంట్లలోనే వేలాడతాయి.

చట్టం కోణం నుంచి కూడా ఇది చిన్న విషయం కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకి మొదటిసారి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేసే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకి ఉంది. అందులో నటించి సిఫారసు చేసినవాళ్ల మీద కూడా వేయొచ్చు.

4. స్క్రిప్ట్: అరపేజీ దాటకూడదు

ఇదిగో, పెనానికి నేను రాసుకునే కాగితం.

మొదటి సెకను: పెనం మీద అంటుకుపోయిన దోసె, దగ్గరగా. అట్లకాడతో గరగరా గీకుతున్న చప్పుడు. మొహాలు లేవు, లోగో లేదు. తెర మీద మూడు మాటలు: "మొదటి దోసె ఎవరిది?"

4 నుంచి 14 సెకన్లు: ఒకే వంటగది, మూడు కాలాలు. స్కూలు యూనిఫాంలో పిల్ల పళ్లెంలో గుండ్రటి దోసె, పొయ్యి పక్కన అమ్మ చేతిలో ముక్కల పళ్లెం. కాలేజీ బ్యాగుతో అదే పిల్ల, అమ్మ చేతిలో అవే ముక్కలు. పెళ్లయి పండక్కి వచ్చిన కూతురు, అల్లుడి పళ్లెంలో గుండ్రటి దోసె, అమ్మ దగ్గర మళ్లీ ముక్కలే. మాటలు లేవు, ప్రతిసారీ ఆ గరగర చప్పుడే.

15వ సెకను: ఈసారి పొయ్యి దగ్గర కూతురు ఉంది, కొత్త పెనం. సగానికి కోసిన ఉల్లిపాయతో నూనె రాసి, గరిటెడు పిండి వేస్తుంది. సుయ్‌మంటుంది. అమ్మ అలవాటు కొద్దీ పళ్లెం చాపుతుంది.

"మొదటిది నాకు వెయ్యవే."

అట్లకాడ కిందకి వెళ్తుంది. దోసె అంచు దానంతటదే లేస్తుంది. చిరగకుండా, గుండ్రంగా అమ్మ పళ్లెంలో పడుతుంది.

"ఇదేంటే, మొదటిదే వచ్చేసింది!" అని అమ్మ ఆ దోసె తీసి కూతురి పళ్లెంలో వేయబోతుంది.

కూతురు చెయ్యి అడ్డం పెడుతుంది. "మొదటిది నీదేగా. తిను."

చివరి మూడు సెకన్లు: అమ్మ తింటుంటుంది, వెనక పొయ్యి మీద పెనం. పెనం పేరు, ఎక్కడ దొరుకుతుందో ఒక్క ముక్క. మొత్తం 38 సెకన్లు.

ఇందులో గమనించాల్సినవి రెండు. అమ్మ దోసెని మళ్లీ కూతురికే వేయబోవడం కథకి మలుపు, నవ్వూ తడీ రెండూ అక్కడే పుడతాయి. దోసె బాగా రాకపోతే ఆ మలుపే లేదు, అంటే పెనమే కథ నడిపింది. ఇంకోటి, ఎవరూ పెనాన్ని పొగడలేదు. "అమ్మా, ఈ పెనం ఎంత బాగుందో!" అన్న మాట ఒక్కటి వస్తే చూసేవాళ్ల బొటనవేలు పైకి జరిపేస్తుంది.

భాష గురించి ఒక మాట. హిందీలో తీసి తెలుగులోకి దింపిన యాడ్లు వింటే నాకు ఒళ్లు మండుతుంది. పెదాలు ఒకటి పలుకుతుంటే మాట ఇంకోటి వినబడుతుంది, అందులో ఏ ఇంట్లోనూ ఎవరూ అనని తెలుగు. డైలాగులు రాశాక మీ ఊళ్లో ఒకావిడ చేత చదివించండి. ఆవిడ నాలుక ఎక్కడ తడబడితే అక్కడ మార్చండి. నటించే మనిషిది గోదావరి అయితే గోదావరిలా, పాలమూరు అయితే పాలమూరులా మాట్లాడనివ్వండి. యాసని నవ్వుల కోసం మాత్రం వాడొద్దు. "అది దోసె కాదు, అట్టు" అని కామెంట్లలో తగువు మొదలైతే మంచిదే. ఆపకండి.

5. తీయడం

ఇక్కడ గంటల తరబడి చెప్పేవాళ్లున్నారు, నేను చెప్పను. ఫోన్ నిలువుగా, 1080 బై 1920. కిటికీ వెలుతురు ఉదయం తొమ్మిదిలోపు. డ్రోన్ వద్దు, వంటగదిలో అది చేసేదేమీ లేదు. తెర మీద కింద అయిదో వంతులోనూ కుడి అంచులోనూ ముఖ్యమైనదేదీ పెట్టకండి. అక్కడ యాప్ బటన్లు, పేరు, క్యాప్షన్ కూర్చుంటాయి. దోసె సరిగ్గా అక్కడే తిరగేస్తే ఎవరికీ కనబడదు.

డబ్బు మిగిలితే లెన్సు మీద కాదు, మైకు మీద పెట్టండి. ఈ యాడ్‌కి ప్రాణం రెండు చప్పుళ్లు: గీకుడు, సుయ్. పొయ్యికి జానెడు దూరంలో మైకు పెట్టి ఆ రెండూ విడిగా రికార్డ్ చేయండి. ఫ్యాను, ఫ్రిజ్ ఆపేయండి. ఫ్రిజ్ మళ్లీ ఆన్ చేయడం మర్చిపోకుండా కారు తాళాలు అందులో పెడతాను నేను.

అసలు దోసె తిరిగే షాటు కట్ లేకుండా ఒకే టేకులో ఉండాలి. మధ్యలో కట్ పడితే, అక్కడ దోసె మార్చేశారని చూసేవాళ్లు అనుకుంటారు, అనుకోవాలి కూడా. 2013లో వోల్వో ట్రక్స్ యాడ్‌లో యాక్షన్ సినిమాల నటుడు జాన్ క్లాడ్ వాన్ డామ్ వెనక్కి వెళ్తున్న రెండు ట్రక్కుల మీద చెరో కాలూ పెట్టి, అవి దూరం జరుగుతుంటే మెల్లగా కాళ్లు చాపేస్తాడు. స్పెయిన్‌లో, సూర్యోదయం వేళ, కట్ లేకుండా తీశారు. ట్రక్కు స్టీరింగ్ ఎంత నిలకడగా ఉంటుందన్నదే వాళ్లు చెప్పదలచుకున్న విషయం. కట్ చేసి ఉంటే ఆ విషయం ఎవరు నమ్ముతారు?

6. కోత, అక్షరాలు, పాట

మొదటి ఎడిట్ అయ్యాక చప్పుడు ఆపేసి ఒకసారి చూడండి. బస్సులోనో ఆఫీసులోనో సౌండ్ లేకుండా చూసేవాళ్లు చాలామంది, వాళ్లకి కథ అర్థం కావాలి. కాకపోతే తెలుగు అక్షరాలు వేయండి, పెద్దగా, లైనుకి నాలుగు మాటలు మించకుండా. ఒత్తులు, గుడులు విరగ్గొట్టే ఫాంట్లు కొన్ని ఎడిటింగ్ యాప్‌లలో ఉన్నాయి, ఎక్స్‌పోర్ట్ చేశాక ఫోన్‌లో తెరిచి మరీ చూసుకోండి.

తర్వాత వీడియోని కళ్లు మూసుకుని వినండి. ఆ తర్వాత మీకు పరిచయం లేని ముగ్గురికి చూపించి, వాళ్ల మొహం చూడండి, అభిప్రాయం అడగొద్దు. "బాగుందండీ" అన్న మాటకి విలువ లేదు. "ఇది నాకొకసారి పంపిస్తారా?" అని వాళ్లంతట వాళ్లు అడిగితే పని అయినట్టే.

పాట దగ్గర మాత్రం జాగ్రత్త. హిట్టయిన సినిమా పాట తగిలిస్తే పాకుతుందని అందరి ఆశ. ఇన్‌స్టాగ్రామ్‌లో బిజినెస్ అకౌంట్లకి సినిమా పాటలు మామూలుగా అందుబాటులో ఉండకపోవడం వెనక కారణం ఉంది: ప్రకటనలో వాడాలంటే హక్కుదారు దగ్గర లైసెన్సు తీసుకోవాలి. పర్సనల్ అకౌంట్‌లోంచి పెట్టినా అది యాడే. వీడియో ఊపందుకున్న రోజే సౌండ్ పోయి మూగబోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి. మనకి సుయ్‌మన్న చప్పుడు ఉంది, చాలు.

7. వదలడం

వీడియో పెట్టేసి దేవుడి మీద భారం వేయకండి. ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొసేరి చెప్పినదాని ప్రకారం, కొత్తవాళ్లకి వీడియో చేరాలంటే ఎంతమంది చూస్తే ఎంతమంది దాన్ని ఇంకొకరికి పంపారన్న లెక్కకి చాలా బరువుంది. రెండో మెట్టులో కాగితం మీద రాసిన ఆ ఒక్క వాక్యమే ఇక్కడ పనికొచ్చేది. క్యాప్షన్‌లో బ్రాండ్ చరిత్ర కాకుండా ఆ వాక్యమే మరోలా రాయండి: "మీ ఇంట్లో మొదటి దోసె ఎవరు తినేవారు?" లైకు కొట్టి షేరు చేయండి అని అడుక్కోవద్దు.

రీల్స్‌కీ షార్ట్స్‌కీ విడివిడిగా అసలు ఫైలు ఎక్కించండి. ఒక యాప్ వాటర్‌మార్క్ ఉన్న వీడియోని ఇంకో యాప్ ముందుకు తోయదు. వాట్సాప్‌కి చిన్న సైజు కాపీ ఒకటి చేసి, షాపుకి వచ్చిపోయే పాత కస్టమర్లకి, మీ దగ్గర పెనాలు తీసుకుని అమ్మే దుకాణాలవాళ్లకి పంపండి. దుకాణదారుడు ఎందుకు పంచుతాడు? చివర్లో వాడి షాపు పేరు ఉంటే పంచుతాడు. 2021 దీపావళికి క్యాడ్‌బరీ చేసింది పెద్ద ఎత్తున ఇదే. షారుఖ్ ఖాన్ నోట తమ వీధి దుకాణం పేరు పలికించిన వీడియోని చిన్న వ్యాపారులు స్వయంగా తయారు చేసుకునేలా ఏఐతో ఏర్పాటు చేసింది. మనం ఏఐ దాకా వెళ్లక్కర్లేదు, చివరి మూడు సెకన్ల అక్షరాలు మార్చి ఇరవై కాపీలు తీస్తే ఒక సాయంత్రం పని.

వంటల ఛానెళ్లవాళ్లతో చేయిస్తే, పది లక్షల ఫాలోయర్లున్న ఒకరి కన్నా పదేసి వేలున్న పదిమంది మేలని నా లెక్క. వాళ్ల కామెంట్లలో మనుషులు ఒకరికొకరు తెలుసు. డబ్బులిచ్చినా, ఊరికే పెనం పంపినా అది యాడ్ అని వాళ్లు స్పష్టంగా చూపించాలి. ప్రకటనల ప్రమాణాల సంస్థ ఆస్కీ 2021 నుంచి ఇదే చెబుతోంది.

డబ్బు పెట్టి బూస్ట్ చేయడం తప్పేమీ కాదు, కానీ మొదటి రోజే వద్దు. రెండు రోజులు ఊరికే వదలండి. తనంతట తాను నాలుగడుగులు వేసిన వీడియోకే డబ్బు పెట్టండి. నడవలేనిదాన్ని డబ్బుతో మోసుకెళ్తే, డబ్బు ఆగినచోటే దించేయాల్సి వస్తుంది.

8. పాకితే ఏం చేయాలి

దీనికి ముందే సిద్ధంగా ఉండాలి. 2012 మార్చిలో డాలర్ షేవ్ క్లబ్ అనే రేజర్ల కంపెనీ సుమారు 4,500 డాలర్ల ఖర్చుతో తీసిన వీడియో వదిలితే రెండు రోజుల్లో 12,000 ఆర్డర్లు వచ్చాయి. వీడియో వదిలిన మొదటి రోజే వాళ్ల వెబ్‌సైట్ కూలిపోయింది. పెనాలు పోత పోసేవాళ్లు నెలకి ఎన్ని ఇవ్వగలరో వీడియో వదలకముందే అడిగి పెట్టుకోండి. స్టాకు అయిపోతే "అయిపోయాయి, ఫలానా తేదీకి వస్తాయి, పేరు రాసుకుంటాం" అని చెప్పండి. డబ్బు తీసుకుని నెలన్నర తిప్పితే, వీడియో తెచ్చిన పేరంతా వీడియోతోనే పోతుంది.

మొదటి రెండు రోజులు ఒక మనిషిని కామెంట్ల దగ్గర కూర్చోబెట్టండి. ఓల్డ్ స్పైస్ 2010 జులైలో ఏం చేసిందంటే, జనం అడిగినవాటికి అదే నటుడితో రెండు మూడు రోజుల్లో 180కి పైగా చిన్న వీడియో జవాబులు తీయించి వదిలింది. మనకి అంత ఓపిక లేకపోయినా రాతలో అయినా జవాబివ్వాలి. "మా ఇంట్లో మొదటి దోసె నాన్న తినేవారు" అని ఎవరో రాస్తారు, దాన్ని పైన పిన్ చేయండి. ఒకరు "అంటుకుంది, మోసం" అంటారు. డిలీట్ చేయకండి. మంట ఎంత పెట్టారు, నూనె రాశారా అని అడగండి, తప్పు పెనానిదైతే మార్చి పంపండి, ఆ సంగతి అక్కడే రాయండి.

9. లెక్క చూడడం

వ్యూస్ చూసి మురిసిపోవద్దు. 2025 మార్చి 31 నుంచి యూట్యూబ్ షార్ట్స్‌లో వీడియో మొదలైతే చాలు, వ్యూ కింద లెక్క పడుతోంది. నేను చూసేవి ఇవి: వెయ్యిమంది చూస్తే ఎంతమంది పంపారు, మూడో సెకను దాకా ఎంతమంది ఉన్నారు, దోసె తిరిగే చోటుకి ఎంతమంది మిగిలారు. మూడో సెకనుకే సగంమంది పోతే మొదటి షాటు మార్చి మళ్లీ వదలండి, కథని అనుమానించకండి. చివరిదాకా చూసి కూడా ఎవరికీ పంపకపోతే మాత్రం లోపం కథలోనే ఉంది, రెండో మెట్టుకి వెళ్లండి.

అమ్మకాల లెక్కకి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. రీల్స్‌కి ఒక వాట్సాప్ నంబరు, యూట్యూబ్‌కి ఇంకోటి ఇవ్వండి, షాపుకి వచ్చినవాళ్లని "ఎక్కడ చూశారండీ?" అని అడిగి నోటు పుస్తకంలో గీతలు పెట్టండి. వాళ్లు "మా అమ్మాయి పంపింది" అంటే ఆ గీత పక్కన చుక్క పెట్టండి. నా దృష్టిలో అన్నిటికంటే విలువైన అంకె ఆ చుక్కలదే.

రెండో వీడియో ఐడియా కోసం మళ్లీ తల పట్టుకోనక్కర్లేదు, కామెంట్లలో ఉంటుంది. పెనం విషయంలో వచ్చే ప్రశ్న ఏంటో ముందే చెప్పగలను: "తుప్పు పడితే ఏం చేయాలండీ?" దానికి కావలసినవి తుప్పు పట్టిన పాత పెనం ఒకటి, కాస్త చింతపండు, రాళ్ల ఉప్పు, కొబ్బరి పీచు. పెనం పక్కింట్లో అడిగితే దొరుకుతుంది.